నిస్తంత్రీ అంచెలలో వంతుల లెక్క

తెలుగులో వంతు అనే మాటకు రెండు అర్థాలు ఉన్నవి. ‘ఇప్పుడు నీ వంతు’ అన్నప్పుడు అది సమయాన్ని తెలుపుతుంది. ‘పంటలో మూడవ వంతు’ అన్నప్పుడు భాగాన్ని తెలుపుతుంది. తీగ లేకుండా ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి అంచెలంచెలుగా వార్తలను పంపే ఏర్పాటులో ఈ రెండు అర్థాలూ ఒకటైపోతాయి. ఏ ఊరికి ఎంత సమయం దక్కుతుందో ఆ ఊరికి అంత భాగం దక్కుతుంది. వంతులు చక్కగా వేసినట్లయితే ఉన్న యంత్రసామగ్రితోనే మూడు రెట్ల పని చేయించవచ్చు. అడ్డదిడ్డంగా వేసినట్లయితే చివరి ఊరి పాఠశాలకు పాఠం, చివరి ఊరి రోగికి వైద్యుని మాట అందకుండా పోతాయి. ఈ వంతులు వేయడం ఎట్లు? దానిలోని గణితం ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనంత పెద్దది కాదు.

అంచె ఎందుకు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఒకప్పుడు కరీంనగరు జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో మొదటి రెండూ జగిత్యాల జిల్లాలో చేరినవి. సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైనది. పటం మీద కొలబద్ద ఉంచి చూస్తే జగిత్యాల నుండి సిరిసిల్లకు తిన్నని గీత పొడవు సుమారు 46 కిలోమీటర్లు. జగిత్యాల నుండి కోరుట్ల 20 కిలోమీటర్ల పైచిలుకు. కోరుట్ల నుండి సిరిసిల్ల 50 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఈ మూడు పట్టణాలనూ గీతలతో కలిపితే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. ఈ త్రిభుజాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలె. దీనితో ముందు పని ఉన్నది.

జగిత్యాల నుండి సిరిసిల్లకు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగాలతో వార్త పంపాలని అనుకుందాము. ఇళ్లలో వాడే వైఫై పరికరాల తరంగాలు ఇవే. వీటి తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇంత పొట్టి తరంగాలు ఇంచుమించు కాంతి వలెనే తిన్నగా పోతాయి. భూమి మాత్రం గుండ్రంగా ఉన్నది. రెండు ఊళ్ల నడుమ భూమి ఎంత ఉబికి ఉంటుందో తెలిసికొనడానికి ఒక సులభ సూత్రం కలదు: కిలోమీటర్లలోని దూరాన్ని వర్గం చేసి 68తో భాగిస్తే ఉబుకు మీటర్లలో వస్తుంది. వాతావరణం తరంగాలను కొద్దిగా కిందికి వంచుతుంది. ఆ వంపు కూడా ఈ 68లో ఇమిడి ఉన్నది. 46 కిలోమీటర్లకు ఈ లెక్క 31 మీటర్లు చూపుతుంది.

అంతటితో సరిపోదు. తరంగం సన్నని దారం వలె పోదు. నడిమిన లావుగా, కొసలలో సన్నగా దోసకాయ ఆకారంలో చోటు ఆక్రమిస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ పేరిట దీనిని ఫ్రెనెల్ మండలం అంటారు. ఈ మండలంలో కనీసం అరవై శాతం మేర అడ్డులేకుండా ఉండవలెనని ఇంజనీర్ల నియమం. 46 కిలోమీటర్ల దూరానికి ఇది దాదాపు 23 మీటర్లు. అనగా చెట్టూ గుట్టా లేని బయలులో సైతం రెండు వైపులా 54 మీటర్ల టవర్లు నిలపవలె. అదే దారిని సగానికి విరిచి నడుమ ఒక అంచె కేంద్రం పెట్టితే ఒక్కొక్క గంతు 23 కిలోమీటర్లు. అప్పుడు ఉబుకు 8 మీటర్లు, మండలం 16 మీటర్లు, మొత్తం 24 మీటర్ల టవరు చాలును. దూరం సగమైతే అందే శక్తి నాలుగు రెట్లు అవుతుంది గనుక వార్త కూడా మరింత వేగంగా పోతుంది. అంచె వల్ల కలిగే లాభం ఇదే.

ఒకే వరుస పట్టాలు

ఈ లాభానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉన్నది. అంచె కేంద్రం తాను మాట్లాడుతూ, అదే పౌనఃపున్యం మీద ఇతరుల మాట వినలేదు. అది పంపే శక్తి వాటులో పదవ వంతు అనుకుందాము. దూరం నుండి దాని యాంటెన్నాకు చేరే శక్తి అందులో సుమారు మూడు వందల కోట్లవ వంతు మాత్రమే ఉండవచ్చు. డప్పు కొట్టేవాని చెవికి చీమ నడక వినిపించదు గదా! కనుక సామాన్యమైన పరికరం ఒకసారి వినవలె, ఒకసారి పలుకవలె.

జగిత్యాల, కోరుట్లల మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాదు రైలు మార్గం 2017లో పూర్తయినది. దానిని ఒకే వరుస పట్టాలతో నిర్మించారు. ఒకే వరుస పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లలో ఒకటి స్టేషనులో ఆగి రెండవదానికి దారి ఇవ్వవలసినదే. అంచె కేంద్రం స్థితి అట్టిదే. అయితే రెండవ వరుస వేయడానికి వీలు లేదా? ఉన్నది. అమెరికాలో న్యూయార్కు నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు 107 టవర్లతో ఒక సూక్ష్మతరంగ మార్గం 1951లో ప్రారంభమైనది. ఆ మార్గంలో టవరు వినడానికి ఒక పౌనఃపున్యాన్ని, పలుకడానికి మరొకదానిని కేటాయించారు. కాని పౌనఃపున్యాలు కూడా భూమి వలె పరిమితమైనవి. వాటికి ప్రభుత్వ అనుమతి కావలె, రుసుము చెల్లించవలె. అంత వెచ్చించలేని పల్లెటూరి ఏర్పాటులో ఒకే పౌనఃపున్యాన్ని కాలంలో పంచుకొనక తప్పదు.

సమాన సమయం సమాన న్యాయం కాదు

జగిత్యాల–సిరిసిల్ల గీతకు చేరువలో వేములవాడ ఉన్నది. అక్కడ అంచె పెట్టామనుకుందాము. జగిత్యాల నుండి వేములవాడకు సుమారు 37 కిలోమీటర్లు. వేములవాడ నుండి సిరిసిల్లకు సుమారు 11 కిలోమీటర్లు. గంతులు సమానం కావు. పొడవు గంతులో సెకనుకు 6 మెగాబిట్లు, పొట్టి గంతులో 12 మెగాబిట్లు పోతాయని లెక్క కోసం తీసుకొందాము.

సమయాన్ని చెరి సగం పంచితే ఏమవుతుంది? మొదటి గంతు సగం సమయంలో సెకనుకు సగటున 3 మెగాబిట్లను అంచెకు చేరుస్తుంది. రెండవ గంతు సగటున 6 మోయగలదు గాని, మోయడానికి 3 మాత్రమే ఉన్నవి. అందులో సగం సమయం వృథా. సిరిసిల్లకు చేరేది సెకనుకు 3 మెగాబిట్లు.

ఇప్పుడు వేరొక విధంగా పంచి చూడవలె. 12 మెగాబిట్ల వార్త పొడవు గంతు దాటడానికి 2 సెకనులు, పొట్టి గంతు దాటడానికి 1 సెకను, మొత్తం 3 సెకనులు పడుతుంది. కనుక మూడింట రెండు వంతుల సమయం మొదటి గంతుకు, ఒక వంతు రెండవ గంతుకు ఇస్తే సిరిసిల్లకు సెకనుకు 4 మెగాబిట్లు చేరుతాయి. కొత్త టవరు వేయలేదు, శక్తి పెంచలేదు. వంతు మార్చినంత మాత్రాన మూడింట ఒక వంతు లాభం వచ్చినది. బలహీనమైన గంతుకు ఎక్కువ సమయం ఇవ్వవలెననేది దీని సారాంశం.

ఐదు కేంద్రాల వరుస

అంచెలు పెరిగినకొద్దీ మరొక చిక్కు ఎదురవుతుంది. అ, ఆ, ఇ, ఈ, ఉ అనే ఐదు కేంద్రాలు వరుసగా ఉన్నవనుకుందాము. ప్రతి కేంద్రం పలుకు దాని ఇరుగు పొరుగులకు మాత్రమే వినబడుతుంది. యాంటెన్నాలు అన్ని దిక్కులకూ ప్రసరింపజేసేవి.

‘అ’ నుండి ‘ఆ’కు వార్త పోతున్నప్పుడు ‘ఇ’ పలుకవచ్చునా? పలుకరాదు. ‘ఇ’ పలుకు ‘ఈ’కే కాక ‘ఆ’కు కూడా వినబడి, ‘అ’ మాటతో కలిసి చెడిపోతుంది. ‘ఈ’ మాత్రం నిశ్చింతగా పలుకవచ్చు. దాని మాట ‘ఆ’ వరకు రాదు. కనుక మొదటి వంతులో ‘అ’, ‘ఈ’ పలుకుతాయి. రెండవ వంతు ‘ఆ’ది, మూడవ వంతు ‘ఇ’ది. మళ్లీ మొదటికి రావలె. ఐదు కేంద్రాలు కాక యాభై ఉన్నా మూడు వంతులు చాలును. ఒక గంతు శక్తిలో మూడవ భాగం చివరిదాకా అందుతుంది. వంతులు లేకుండా ఎవరికి తోచినప్పుడు వారు పలికితే ఈ మూడవ భాగం కూడా దక్కదు.

ఇంట్లోని వైఫై పరికరం ముందు చెవి యొగ్గి, గాలిలో అలికిడి లేనప్పుడు పలుకుతుంది. నాలుగు గోడల నడుమ ఈ మర్యాద సరిపోతుంది. ముప్పై నలభై కిలోమీటర్ల అంచెలలో సరిపోదు. ‘అ’కు ‘ఇ’ మాట వినబడదు గనుక గాలి ఖాళీగా ఉన్నదని అది పొరబడుతుంది. పైగా 46 కిలోమీటర్లు దాటడానికి తరంగానికి సుమారు 153 మైక్రోసెకనులు పడుతుంది. ఇంటి కోసం చేసిన పరికరం అంతసేపు జవాబు కోసం ఆగక, వార్త పోలేదనుకొని మళ్లీ పంపుతుంది.

గోదావరి డెల్టాలో, గంగా మైదానంలో

ఈ చిక్కులు కేవలం ఊహలు కావు. 2000 దశకంలో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ అనే నిస్తంత్రీ ఏర్పాటును నెలకొల్పినది. దూర వైద్యం, దూర విద్య దాని ముఖ్యోద్దేశాలు. డెల్టా చదునైన నేలే గాని కొబ్బరి చెట్ల తలలను దాటి యాంటెన్నాలు ఎత్తవలె. చవకగా దొరికే వైఫై పరికరాలకు దిశా యాంటెన్నాలు తగిలించి ఊరి నుండి ఊరికి గంతులు వేయించారు. అదే కాలంలో కాన్పూరు ఐ.ఐ.టి. వారు గంగా మైదానంలో ఇదే తీరు ప్రయోగాలు సాగించారు. ఇట్టి ఏర్పాటులలో ఖర్చులో పెద్ద భాగం టవర్లదేనని, తక్కువ ఎత్తు టవర్లతో ఊళ్లన్నిటినీ కలపడం ఎట్లో లెక్కించవచ్చునని సాయందీప్ సేన్, భాస్కరన్ రామన్ 2007లో ప్రచురించిన వ్యాసంలో చూపినారు.

అంతకు రెండేళ్ల ముందు, 2005లో, భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు కలిసి వంతుల పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. దానికి 2పి అని పేరు. అందులోని ఆలోచన చాలా సరళమైనది.

టవరు మీద రెండు దిశా యాంటెన్నాలు ఉన్నవి. ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి చూస్తున్నవి. తూర్పు యాంటెన్నా పలుకుతుండగా పడమటి యాంటెన్నా వినలేదు; పక్కలకు చిమ్మే శక్తి చాలు దాని చెవులు మూయడానికి. కాని రెండూ ఒకేసారి పలికితే ఒకదానికొకటి అడ్డు రావు, ఎందుకనగా అప్పుడు వినేవారు ఆ టవరు మీద లేరు. రెండూ ఒకేసారి విన్నా చిక్కు లేదు. రెండు దిక్కుల నుండి వచ్చే మాటలు రెండూ దూరపువే గనుక, ఏ యాంటెన్నా తన ఎదుటి మాటను బిగ్గరగా, పక్క మాటను సన్నగా వింటుంది. కాబట్టి నియమం ఇది: ఒక టవరు మీది యాంటెన్నాలన్నీ కలిసి పలుకవలె, లేదా కలిసి వినవలె.

మన ఐదు కేంద్రాల వరుసలో దీనిని అమలు జరిపితే బేసి వంతులో అ, ఇ, ఉ పలుకుతాయి. ఆ, ఈ వింటాయి. సరి వంతులో ఆ, ఈ పలుకుతాయి, తక్కినవి వింటాయి. ఇక ఏ గంతూ ఏ క్షణంలోనూ ఖాళీగా ఉండదు. సగం కాలం వార్త ఇటు పోతుంది, సగం కాలం అటు పోతుంది. వెనుకటి పద్ధతిలో రాకపోకలు రెండూ కలిసి మూడవ భాగంలో సర్దుకొనవలసి వచ్చినది. ఇప్పుడు పోకకు సగం, రాకకు సగం. మొత్తం మూడు రెట్లు.

త్రిభుజం చేసే అల్లరి

ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల త్రిభుజాన్ని తీసుకొందాము. ప్రతి పట్టణానికీ తక్కిన రెండింటితో గంతు ఉన్నది. బేసి వంతులో జగిత్యాల పలుకుతున్నది, కోరుట్ల వింటున్నది. సిరిసిల్ల ఏమి చేయవలె? పలికితే జగిత్యాలకూ సిరిసిల్లకూ మధ్య ఇద్దరూ పలికేవారే, వినేవారు లేరు. వింటే కోరుట్లకూ సిరిసిల్లకూ మధ్య ఇద్దరూ వినేవారే, పలికేవారు లేరు. ఎట్లు చేసినా ఒక భుజం పడకేస్తుంది. టవరు ఎంత ఎత్తైనా, యంత్రం ఎంత ఖరీదైనా ఈ దోషం పోదు; ఇది గణితంలోనే ఉన్నది.

దీనిని రెండు రంగుల సమస్యగా భావించవచ్చు. బేసి వంతులో పలికే ఊళ్లకు ఎరుపు, సరి వంతులో పలికే ఊళ్లకు నీలం పూయవలె. గంతుతో కలిసిన రెండు ఊళ్లకు ఒకే రంగు రాకూడదు. వలయంలో ఊళ్ల సంఖ్య సరిసంఖ్య అయితే ఎరుపు, నీలం మార్చి మార్చి పూయవచ్చు. బేసి సంఖ్య అయితే చివరి ఊరు మొదటి ఊరితో తగాదా పడుతుంది. ఊళ్ల పటంలో బేసి వలయం ఒక్కటి కూడా లేనప్పుడే రెండు రంగులు చాలుతాయి. బిందువులను గీతలతో కలిపి పరిశీలించే ఈ శాస్త్రానికి గ్రాఫుల సిద్ధాంతం అని పేరు. దీనిమీద తొలి పాఠ్యగ్రంథాన్ని హంగరీ దేశపు గణితజ్ఞుడు డేనెష్ కోనిగ్ 1936లో ప్రచురించినాడు. నిస్తంత్రీ టవర్ల కోసం దానిని ఎవరూ తలపెట్టలేదు గాని, డెబ్బై ఏళ్ల తరువాత అది పల్లెల టవర్లకు పనికి వచ్చినది.

మన త్రిభుజానికి మూడు మందులు కలవు. ఒక భుజాన్ని తీసివేయడం మొదటిది. కోరుట్ల–సిరిసిల్ల గంతు పొడవైనది గనుక దానిని మానుకొని జగిత్యాల మీదుగా వార్త పంపవచ్చు. ఒక భుజానికి వేరే పౌనఃపున్యం ఇవ్వడం రెండవది. వైఫై పట్టీలో ఒకదానితో ఒకటి కలియని 1, 6, 11 అనే మూడు మార్గాలు ఉన్నవి. వేములవాడను నడుమ చేర్చి త్రిభుజాన్ని చతుర్భుజం చేయడం మూడవది. కోరుట్ల ఎరుపు, జగిత్యాల నీలం, వేములవాడ ఎరుపు, సిరిసిల్ల నీలం. వలయం చక్కగా మూసుకొంటుంది. దేనిని ఎన్నుకొనవలెనో ఖర్చు, నేల, అవసరం నిర్ణయిస్తాయి.

ఎవరికి ఎంత?

ఇంతవరకు వంతు అనే మాటకు సమయం అనే అర్థాన్ని చూచినాము. భాగం అనే రెండవ అర్థం మరింత సున్నితమైనది. ఒక టవరు కింద రెండు ఊళ్లు ఉన్నవి. దగ్గరి ఊరికి సెకనుకు 12 మెగాబిట్లు, దూరపు ఊరికి 2 మెగాబిట్లు మాత్రమే పంపగలము. సమయాన్ని ఎట్లు పంచవలె?

మొత్తం పంపిణీ ఎక్కువ కావలెనంటే సమయమంతా దగ్గరి ఊరికే ఇవ్వవలె. మొత్తం 12, కాని దూరపు ఊరికి సున్న. ఇద్దరికీ సమానంగా అందవలెనంటే సమయంలో ఏడింట ఆరు వంతులు దూరపు ఊరికి, ఒక వంతు దగ్గరి ఊరికి ఇవ్వవలె. ఇద్దరికీ సుమారు 1.7, మొత్తం 3.4. దూరపు ఊరి కోసం దగ్గరి ఊరు చాలా నష్టపోయినది. సమయాన్ని చెరి సగం పంచితే దగ్గరి ఊరికి 6, దూరపు ఊరికి 1, మొత్తం 7.

ఈ మూడవ పద్ధతికి ఒక గుణం ఉన్నది. ఇద్దరి భాగాలనూ గుణిస్తే వచ్చే లబ్ధం ఇందులోనే అత్యధికం. మొదటిదానిలో లబ్ధం సున్న, రెండవదానిలో సుమారు 2.9, మూడవదానిలో 6. దగ్గరి ఊరికిచ్చే సమయం స అనుకుంటే లబ్ధం 12స × 2(1 − స) అవుతుంది; స సగం అయినప్పుడు ఇది శిఖరానికి చేరుతుందని పదవ తరగతి విద్యార్థి చూపగలడు. గుణకారంలో ఒక్క సున్న ఉన్నా మొత్తం సున్న అవుతుంది గనుక ఈ నియమం ఎవరినీ ఎండగట్టదు. అట్లని బలమైన గంతును వృథా చేయదు. బేరంలో ఉభయులకూ అంగీకారమైన చోటు లబ్ధం గరిష్ఠమైన చోటేనని అమెరికా గణితజ్ఞుడు జాన్ నాష్ 1950లోనే నిరూపించినాడు. వార్తామార్గాలకు దీనిని 1998లో కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫ్రాంక్ కెల్లీ, ఆయన సహచరులు వర్తింపజేసి అనుపాత న్యాయం అన్నారు. నాలుగవ తరం మొబైలు టవరు మిల్లీసెకనుకు ఒకసారి వంతులు నిర్ణయిస్తుంది. ఈ తీరు నియమాలు అందులో విరివిగా వాడుకలో ఉన్నవి.

అంచెల వరుసలో న్యాయం ఇంకా కష్టం. మూడవ అంచెలోని ఊరికి పోయే ప్రతి పొట్లానికీ మూడు గంతుల సమయం పడుతుంది. మొదటి ఊరికి ఒక గంతు చాలును. ఎవరూ పట్టించుకొనకపోతే మొదటి ఊరు కాలువ తల దగ్గర ఉన్న పొలం వలె కడుపునిండా తాగుతుంది. చివరి ఊరు చివరి ఆయకట్టు వలె ఎండుతుంది. తెలంగాణ పల్లెలలో చెరువు కింది పొలాలకు వంతు ప్రకారం నీరు వదలడానికి నీరటిని నియమించుకొన్నది ఇందుకే. నిస్తంత్రీ అంచెలకూ నీరటి వంటి కార్యక్రమం ఒకటి కావలె.

నీటి మట్టం చూపిన దారి

రద్దీ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ఉదయం పాఠశాలలకు, మధ్యాహ్నం ఆసుపత్రికి, రాత్రి ఇళ్లకు వార్తలు ఎక్కువగా పోవచ్చు. ముందుగా వేసిన వంతుల పట్టిక అప్పుడు పనికిరాదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. పలు సాంచెలను చూచుకొనే కార్మికుడు గడియారం చూచి వరుసగా తిరుగడు. పోగు తెగిన సాంచె దగ్గరికి ముందు పోతాడు. అంచె కేంద్రాలు కూడా అట్లే చేయగలవా?

చేయగలవని 1992లో లియాండ్రోస్ టాసియులాస్, ఆంథనీ ఎఫ్రెమిడీస్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించినారు. వార్తను చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. వీటిని ప్యాకెట్లు అంటారు. గంతు దాటడానికి ఎదురుచూచే ప్యాకెట్లు కేంద్రంలో బారులు తీరుతాయి. ఒక గంతుకు రెండు కొసలలో ఉన్న బారుల తేడాను ఆ గంతు వేగంతో గుణించవలె. ఏకకాలంలో పలుకదగిన గంతుల జట్లలో ఏ జట్టుకు ఈ లబ్ధాల మొత్తం ఎక్కువో, వంతు దానిదే. జగిత్యాలలో 10 ప్యాకెట్లు, వేములవాడలో 4 ప్యాకెట్లు సిరిసిల్ల కోసం నిలిచి ఉన్నవనుకుందాము. మొదటి గంతుకు (10 − 4) × 6, అంటే 36. సిరిసిల్ల గమ్యం గనుక అక్కడ బారు లేదు. రెండవ గంతుకు (4 − 0) × 12, అంటే 48. వంతు రెండవ గంతుకు దక్కుతుంది. వేములవాడ ఖాళీ అయినకొద్దీ వంతు మొదటి గంతుకు మారుతుంది.

ఇది నీటి స్వభావమే. మట్టం ఎక్కువైన చోటు నుండి తక్కువైన చోటుకు నీరు పారుతుంది. తేడా ఎంత ఎక్కువైతే పారుదల అంత జోరు. రేపు ఎంత రద్దీ వస్తుందో ముందుగా తెలియకపోయినా, ఏ పద్ధతిలోనైనా మోయగలిగినంత బరువును ఈ పద్ధతి కూడా మోస్తుందని వారి సిద్ధాంతం. లోపం లేకపోలేదు. మట్టం ఏర్పడితేనే పారుదల కనుక రద్దీ తక్కువైనప్పుడు ప్యాకెట్లు ఆలస్యం కావచ్చు. అన్ని బారుల పొడవూ అందరికీ తెలియజేయడానికి కూడా కొంత సమయం ఖర్చవుతుంది.

హద్దు ఎక్కడ?

అంచెలు పెంచుకుంటూ పోతే హద్దు లేదా? 2000లో పీయూష్ గుప్తా, పి. ఆర్. కుమార్ దీనికి సమాధానం కనుగొన్నారు. ఒకే వైశాల్యంలో కేంద్రాలు పెరిగినకొద్దీ ఒక్కొక్క కేంద్రానికి దక్కే భాగం కేంద్రాల సంఖ్య వర్గమూలానికి విలోమంగా, ఇంకా కొంచెం త్వరగానే, తగ్గుతుంది. కేంద్రాలు నాలుగు రెట్లైతే ఒక్కొక్క దాని భాగం సగం కన్నా కొంచెం తక్కువ. ఇతరుల ప్యాకెట్లు మోయడంలోనే ప్రతి కేంద్రం కాలం గడిచిపోవడం ఇందుకు కారణం. అందుకే మూడు నాలుగు అంచెలు దాటక ముందే తీగ ఉన్న చోటికి చేరవలెనని ఇంజనీర్లు చూస్తారు. ఆప్టికల్ ఫైబరు అందిన ఊరికి అదే మేలు. గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చే జాతీయ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించినది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చినది.

అయినప్పటికీ అంచెల అవసరం తీరలేదు. ఐదవ తరం మొబైలు ప్రమాణాలలో 2020లో చేరిన ఒక విధానం ప్రకారం టవరు తన కింది ఫోన్లతోను, తన వెనుకనున్న టవరుతోను ఒకే పట్టీలోని తరంగాలతో మాట్లాడవచ్చు. వినేటప్పుడు పలుకలేని చిక్కు అక్కడా ఎదురవుతుంది. వంతుల లెక్క అక్కడా కావలె.

తరగతిలో ఒక ప్రయోగం

ఈ విషయాన్ని ఉపాధ్యాయులు ఖర్చు లేకుండా చూపవచ్చు. ఐదుగురు విద్యార్థులను వరుసగా నిలిపి అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెట్టవలె. ‘అ’ దగ్గర చీటీల కట్ట ఉంచవలె. ఉపాధ్యాయుడు ముప్పై సార్లు చప్పట్లు కొట్టవలె. ఒక్కొక్క చప్పట్టుకు చీటీ ఒక చేయి దాటుతుంది.

మొదటి ఆటలో ఒక చీటీ చివరికి చేరిన తరువాతనే మరొకటి బయలుదేరవలె. ముప్పై చప్పట్లలో చివరికి చేరేవి 7 చీటీలు. రెండవ ఆటలో మూడు వంతుల పద్ధతి పాటించవలె. 9 చీటీలు చేరుతాయి. మూడవ ఆటలో ‘ఉ’కు కూడా ఒక కట్ట ఇచ్చి, బేసి చప్పట్టుకు అ, ఇ, ఉ రెండు చేతులతో ఇరువైపులా ఇవ్వవలె, సరి చప్పట్టుకు ఆ, ఈ ఇవ్వవలె. అటు 14, ఇటు 14, మొత్తం 28 చీటీలు చేరుతాయి. విద్యార్థులు వారే, చేతులు అవే. మారినది వంతు మాత్రమే.

తరువాత ముగ్గురు విద్యార్థులను వలయంగా నిలిపి వారికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని పేర్లు పెట్టి మూడవ ఆటనే ఆడించవలె. ప్రతి చప్పట్టుకూ ఇద్దరి నడుమ చీటీ కదలదు. కారణం వెదకమని, నాలుగవ విద్యార్థిని ఎక్కడ నిలిపితే ఆట సాగుతుందో చెప్పమని అడగవలె. బల్ల మీద రెండు రంగుల సుద్దముక్కలు ఉంచితే జవాబు వారే రాబట్టుకొంటారు.